మీ కబురు మీరే చెప్పాలి

ప్రశ్న: మాది హనుమకొండ. పోయినేడు గర్భం నిలవలేదు. అందుకే ఈసారి మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దనుకున్నాం. డిగ్రీ చదివే మా ఆడబిడ్డ నా స్కానింగ్ రిపోర్టు ఫోటో తీసి 'అత్తనవుతున్నా' అని ఇన్‌స్టాలో స్టోరీ పెట్టింది. తీసెయ్యమంటే ఏడ్చింది. సంతోషంతో పెట్టిందిగా, ఇంత రాద్ధాంతమెందుకని మావారు నన్నే అంటున్నారు. నాది చాదస్తమా?

జవాబు: కాదమ్మా. ఒకసారి కడుపుకోత పడ్డ మనిషికి 'ఎన్నో నెల?' అని ఎవరడిగినా గుండె జారుతుంది. ఆ అమ్మాయి మనసులో చెడు లేదు, నిజమే. కానీ సంబరం ఆమెదైనా ఒళ్లు మీది, రిపోర్టు మీది.

ముందు మీవారితో మాట్లాడండి. ఫోన్ గొడవ ఎత్తకండి. పోయినేడు ఆసుపత్రి నుంచి వచ్చాక ఫోన్ చేసిన ప్రతి చుట్టానికీ అదే కబురు మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చినప్పుడు మీరెంత నలిగిపోయారో చెప్పండి. ఆయనకు అర్థమైతే చెల్లెలికి ఆయనే చెప్తారు. అన్న చెప్తే ఇంటిమాటగా ఉంటుంది, వదిన చెప్తే తప్పు పట్టినట్టుంటుంది.

తర్వాత మీరూ ఆమె పక్కన కూర్చుని ఆ రిపోర్టు చూపించండి. పైభాగంలోనే మీ పేరు, వయసు ఉంటాయి, ఒక్కోసారి ఫోన్ నంబరు కూడా. స్టోరీ 24 గంటల్లో పోతుంది గానీ హైలైట్స్‌లో చేర్చి ఉంటే ఉండిపోతుంది, అక్కడా తీయించండి. ఈలోపు ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఉంటే మనం చేయగలిగింది తక్కువ. మీ అకౌంట్ ప్రైవేటులో ఉన్నా ఆమె పెట్టిందాన్ని అది ఆపదు. మిమ్మల్ని ట్యాగ్ చేసేవి మీరు ఒప్పుకుంటేనే మీ ప్రొఫైల్‌లో కనిపించేలా సెట్టింగ్ మాత్రం పెట్టుకోండి. తెలియనివాళ్లు ఫోన్లు, మెసేజ్‌లతో వేధిస్తే ఊరుకోకండి, పోలీసుల 100 నంబరుకు గానీ, ఆడవాళ్ల రక్షణకున్న పోలీసు బృందాలు షీ టీమ్స్‌కు గానీ చెప్పండి.

ఇంకోమాట. ఇంటిల్లిపాదీ మేడారం జాతరకు పోయి, నిలువెత్తు బంగారం (మొక్కు బెల్లం) తూచే చోటు నుంచే లైవ్ పెడితే ఇంటికి తాళం ఉందని ఊరంతా చెప్పినట్టే. అవి ఇంటికొచ్చాక పెట్టుకోమనండి. తన బతుకమ్మ వీడియోలు, తన ముచ్చట్లు తనిష్టం, వాటి జోలికి పోకండి. మీ ఫోటో, మీ ఆరోగ్యం, రేపు పుట్టే బిడ్డ, ఈ మూడింటికీ ముందు మిమ్మల్ని అడగాలి. బిడ్డ ఫోటోల సంగతి మీరూ మీవారూ ఇప్పుడే అనుకోండి, పురిటి హడావుడిలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు.

మూడో నెల నిండి, మీకు ధైర్యం వచ్చాక ఆ కబురు అందరికీ చెప్పే పని మీ ఆడబిడ్డకే ఇవ్వండి. ఫోటో మాత్రం మీరు ఎంచి ఇవ్వండి.