ఇన్సూరెన్స్ లేదు, స్టెంట్లకు మూడున్నర లక్షలంటున్నారు: ప్లాటు అమ్మే ముందు కొన్ని మాటలు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారికి 62 ఏళ్లు. నడిస్తే ఛాతీలో నొప్పి. కూకట్‌పల్లి వైపు ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ చేసి రెండు బ్లాకులున్నాయన్నారు, స్టెంట్లకు మూడున్నర లక్షలు చెప్పారు. ఇన్సూరెన్స్ లేదు. ఘట్‌కేసర్ దగ్గరి ప్లాటు అమ్మేద్దామని మీ అన్నయ్య అంటున్నాడు. సర్కారు దవాఖానాను నమ్మొచ్చా అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. రాణిగంజ్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో అకౌంట్స్ రాస్తాను. కానీ ఇదే గొయ్యిలో ఒకసారి పడ్డాను కాబట్టి చెబుతున్నా.

అన్నిటికంటే ముందు, నొప్పి కూర్చున్నప్పుడు కూడా వస్తోందా, చెమటలు పడుతున్నాయా? అలా అయితే చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి, డబ్బు లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే నొప్పి అయితే మాత్రం యాంజియో చేసిన డాక్టర్నే సూటిగా అడగండి: "సార్, ఇది ఈ రాత్రే చేయాలా, ఈ వారంలోనా, ఈ నెలలోనా?" బిల్లింగ్ కౌంటర్లో అమ్మాయిని అడగొద్దు, ఆమె దగ్గర ఎప్పుడూ "అర్జెంట్ సార్" అన్న జవాబే ఉంటుంది. డాక్టర్ చెప్పినదాన్ని బట్టి మీ చేతిలో ఎంత టైం ఉందో తేలుతుంది. ఆ టైం ఉంటే ప్లాటు సంగతి పక్కన పెట్టొచ్చు. రెండు రోజుల్లో డబ్బు కావాలని అమ్మేవాడికి గజానికి ఏ రేటు వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మా కథ ఇది. 2022 ఆగస్టులో ఒక రాత్రి పదకొండింటికి మా అమ్మకు కడుపునొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని వాము నీళ్లు ఇచ్చాం. రెండింటికల్లా మెలికలు తిరిగిపోతోంది. మా వీధి చివర ఎప్పుడూ ఒక ప్రైవేట్ అంబులెన్స్ ఆగి ఉంటుంది, దాన్ని పిలిచాను. ఎక్కడికి సార్ అని డ్రైవర్ అడిగితే "దగ్గర్లో మంచిదేదైనా పోనీ అన్నా" అన్నాను. ఆ ఒక్క మాటకు నాకు పడిన ఖర్చు 2 లక్షల 37 వేలు. డ్రైవర్‌కు అక్కడ ఏమైనా ముడుతుందో లేదో నేను రుజువు చేయలేను. స్ట్రెచర్ దించుతూ సెక్యూరిటీ వాళ్లను పేరు పెట్టి పలకరించడం మాత్రం చూశాను.

పిత్తాశయంలో రాళ్లున్నాయి, ఒకటి జారి పాంక్రియాస్ వాచింది, ఐసీయూలో పెట్టాలి అన్నారు. అడ్వాన్స్ 50 వేలు కట్టమన్నారు. కట్టాను. రెండో రోజు ఇంకో 60 వేలు. అదీ కట్టాను. ప్రతి నాలుగు గంటలకూ నర్సు బయటికొచ్చి చీటీ ఇస్తుంది, కిందికెళ్లి ఫార్మసీలో మందుల కవరు తెచ్చి ఇవ్వాలి. మూడంతస్తులు దిగడం, ఎక్కడం, కార్డు గీకడం. ఆ టెన్షన్‌లో కవరులో ఏముందో ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊళ్లోవాళ్ల బిల్లులు టిక్కు పెట్టి సరిచూసేది నా ఉద్యోగం. అమ్మ బిల్లు మాత్రం మూడు రోజులు చూడలేదు. డబ్బు గురించి అడిగితే అమ్మకు సరిగ్గా చూడరేమో అని లోపల ఒక భయం. పక్కనే మా బావ ఉన్నాడు, ఆయన ముందు పైసల లెక్క తీయడం నామోషీ. రెండూ పనికిమాలినవేనని ఇప్పుడు తెలుస్తోంది.

మూడో రోజు సాయంత్రం మెట్ల మీద కూర్చుని, జేబులోంచి పెన్ను తీసి, అప్పటిదాకా అయిన బిల్లు కాగితాలు ముందేసుకున్నాను. ఒక్క రోజులో గ్లోవ్స్ 38 జతలు. అదే రోజు కాటన్ ఆరు రోల్స్. బెడ్ ఛార్జి వేరే, నర్సింగ్ ఛార్జి వేరే, మానిటర్ ఛార్జి ఇంకోటి. ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఎమ్మార్పీ 1,900. రోడ్డు దాటి ఎదురుగా ఉన్న మెడికల్ షాపులో అదే మందు, వేరే కంపెనీది, 700. ఆ కాగితాలు పట్టుకుని బిల్లింగ్‌కు వెళ్లి మెల్లగానే అడిగాను, "ఈ గ్లోవ్స్ ఒకసారి చూస్తారా మేడమ్" అని. గొడవేమీ జరగలేదు. ఆమె లోపల ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడింది, పన్నెండు వేలు తగ్గించింది. అడిగితే తగ్గేది అడక్కపోతే ఎందుకు వేశారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. వెళ్లిపోయే రోజున నర్సు చేతికిచ్చిన కవర్లో వాడని మందులు మిగిలి ఉన్నాయి. అవి ఫార్మసీలో తిరిగి ఇస్తే 6,340 రూపాయలు బిల్లులో తగ్గాయి. దాన్ని వాళ్లు రిటర్న్ అంటారు. మనం అడిగితేనే రిటర్న్, లేకపోతే ఆ కవరు మనతో ఇంటికే.

ఇంత డబ్బు ఎక్కడిదంటారా, మూడు లక్షల చిట్టీ ఉంది నాకు, ఇంకా పద్నాలుగు నెలలు మిగిలింది. 72 వేలు వదులుకుని పాట పాడి ఎత్తాను. మా చెల్లి పెళ్లికని వేసుకున్న చిట్టీ అది.

నాలుగో రోజు రాత్రి ఐసీయూ బయట ఒక వార్డ్ బాయ్ టీ తాగుతూ అడిగాడు, "అన్నా, మీకు తెల్లకార్డు లేదా?" ఉంది. నకిరేకల్ దగ్గర మా ఊళ్లో, ట్రంకు పెట్టెలో ఉంది. అది బియ్యం కోసమే అనుకున్నాం. హైదరాబాద్‌లో పనికొస్తుందన్న ఆలోచనే రాలేదు. ఆ ఆసుపత్రిలో అడిగితే, ఆరోగ్యశ్రీ ఉంది కానీ ఈ విభాగానికి లేదన్నారు. అదొక తిరకాసు: బోర్డు మీద ఆరోగ్యశ్రీ అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని జబ్బులకూ ఉన్నట్టు కాదు. ఎముకలకు ఉండొచ్చు, గుండెకు లేకపోవచ్చు. ఇంకొకటి, వైద్యానికి ముందే అనుమతి తీసుకోవాలి. డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నాక బిల్లు తీసుకెళ్తే తిరిగి ఇచ్చే పథకం కాదది.

మర్నాడు పొద్దున అమ్మను ఒక పెద్ద సర్కారు దవాఖానాకు మార్చాం. పేరు రాయను, ఎందుకంటే చెప్పేది మంచీ చెడూ రెండూ. మారుస్తున్నప్పుడు ప్రైవేట్ వాళ్లు లామా అనే కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, డాక్టర్లు వద్దన్నా మా ఇష్టంతో తీసుకెళ్తున్నాం అని. భయపడకండి. కానీ వెళ్లే చోట బెడ్ ఉందని నోటిమాటగా అయినా తెలుసుకోకుండా కదలకండి. నేను అది చేయలేదు, క్యాజువాలిటీలో ఐదు గంటలు స్ట్రెచర్ మీదే ఉంచాల్సి వచ్చింది. స్ట్రెచర్ తోసేవాళ్లకు ప్రతి మలుపులో వందో యాభయ్యో. బాత్రూమ్ సంగతి వద్దులెండి. బకెట్, మగ్గు, దుప్పటి, దిండు మనమే తెచ్చుకోవాలి. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం మాత్రం పేషెంట్ వెంట ఉండేవాళ్లకు పెద్ద ఆసరా. అక్కడ ఉన్న తొమ్మిది రోజులూ నేను తిన్నది అదే.

వైద్యం? తెల్లవారుజామున నాలుగింటికి ఒక పీజీ డాక్టర్ వచ్చి అమ్మ పొట్ట నొక్కి చూసి, మంచం అంచున కూర్చుని, ఆ ప్రైవేట్ కాగితాలన్నీ ఒక్కొక్కటిగా చదివాడు. నాలుగు రోజుల్లో అలా కూర్చుని చదివిన మొదటి డాక్టర్ ఆయనే. వాపు తగ్గాక, ఆరు వారాలు ఆగి పిత్తాశయం ఆపరేషన్ ఆరోగ్యశ్రీలోనే చేశారు. దానికి నా జేబులోంచి పోయింది ఆటో ఛార్జీలు, టీలు. కాబట్టి సర్కారు దవాఖానాను నమ్మొచ్చా అంటే, డాక్టర్ల చేతులను నమ్మొచ్చు. వసతులకు మనం సిద్ధపడి వెళ్లాలి, పక్కన ఒక మనిషి రాత్రీ పగలూ ఉండాలి. ఆ మనిషి మీ ఇంట్లో ఎవరో ముందే తేల్చుకోండి.

ఇక మీ నాన్నగారి విషయం. గుండెకు హైదరాబాద్‌లో గాంధీ, ఉస్మానియా, పంజాగుట్ట నిమ్స్, మూడు చోట్లా క్యాథ్ ల్యాబ్‌లు, అంటే స్టెంట్లు వేసే గదులు, ఉన్నాయి. నిమ్స్ పూర్తిగా ఉచితం కాదు, డబ్బు కట్టాలి, కానీ కార్పొరేట్ రేట్లు ఉండవు. మీ ఇంట్లో ఆహార భద్రతా కార్డు, అదే తెల్లకార్డు, ఉందా, అందులో నాన్నగారి పేరు ఉందా చూడండి. ఏ జిల్లా కార్డైనా రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా చెల్లుతుంది. పరిమితి కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు ఉండేది, 2023 డిసెంబర్‌లో 10 లక్షలు చేశారు. 2024 నాటికి జాబితాలో ఉన్న చికిత్సలు 1,835. స్టెంట్ అందులో ఉంది. పరీక్షలు, మందులు, ఆసుపత్రి భోజనం కూడా ప్యాకేజీలోనే. ఏ ఆసుపత్రికి గుండె విభాగంలో ఉందో తెలియాలంటే 104కి ఫోన్ చేయండి, లేదా ఆసుపత్రికి వెళ్లి ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అడగండి. రిసెప్షన్‌లో అడిగితే చాలామంది "లేదు సార్" అనేస్తారు. ఆంధ్రా కార్డు అయితే లెక్క వేరు. వాళ్ల పథకానికి కూడా హైదరాబాద్‌లో కొన్ని ఆసుపత్రులు ఉన్నాయి.

కార్డే లేకపోతే? ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. అది రెండు రకాలుగా వస్తుంది. వైద్యానికి ముందే నిమ్స్ లాంటి చోట డాక్టర్ దగ్గర ఎస్టిమేట్ రాయించుకుని, ఎమ్మెల్యే సిఫారసుతో ఎల్ఓసీ, అంటే ప్రభుత్వ హామీ పత్రం, తెచ్చుకోవచ్చు. ఆ మేరకు ప్రభుత్వమే ఆసుపత్రికి కడుతుంది. రెండోది, డిశ్చార్జి అయ్యాక అసలు బిల్లులతో దరఖాస్తు పెట్టడం. 2024 జూలై నుంచి అది ఆన్‌లైన్ అయింది. దొంగ బిల్లుల కేసులు బయటపడ్డాక తనిఖీ కూడా గట్టిగానే ఉంటోంది, అందుకని ఒక్క రసీదు కూడా పారేయకండి, ఇచ్చే ముందు అన్నీ జిరాక్స్ తీసుకోండి. మాకు ఆ 2 లక్షల 37 వేలకు ఐదు నెలల తర్వాత 60 వేల చెక్కు వచ్చింది. చెక్కు పట్టుకుని ఫోటో దిగాలి. దిగాం. అమ్మ ఆ రోజుకని ఇస్త్రీ చీర కట్టుకుంది.

ఒకవేళ ప్రైవేట్‌లోనే చేయించాలి అనుకుంటే, మూడున్నర లక్షలను విడగొట్టి రాసివ్వమనండి. స్టెంట్ ఒక్కోటి ఎంత, ఏ కంపెనీ, క్యాథ్ ల్యాబ్ ఎంత, డాక్టర్ ఫీజు ఎంత, రూమ్ ఎన్ని రోజులు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. అంతకుముందు లక్ష పైన అమ్మిన మందు పూసిన స్టెంట్‌ను అప్పుడు 29,600కి దించారు. తర్వాత రేటు కొంత మారింది కానీ పరిమితి మాత్రం ఉంది. కాబట్టి రెండు స్టెంట్లకే రెండు లక్షలు అని ఎవరైనా అంటే ఆ కాగితం ఇంకో చోట చూపించండి. మామూలుగా ఆ పరిమితి వల్ల తగ్గింది మిగతా పద్దుల్లో పెరుగుతుంది, మీరు అడగాల్సింది మొత్తం ప్యాకేజీ, పైన ఏమీ ఉండదన్న మాట రాతపూర్వకంగా.

జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పట్టికను కేంద్రం 2019లో రాష్ట్రాలకు పంపింది. వివరమైన బిల్లు, రికార్డుల కాపీలు, మందులూ పరీక్షలూ మనకు నచ్చిన చోట తెచ్చుకోవడం, బిల్లు తగాదా ఉన్నా పేషెంట్‌ను ఆపకూడదు అన్నవి అందులో ఉన్నాయి. ఆ కాగితం చూపించగానే గేటు తెరుస్తారని కాదు. కానీ "రూల్ ఏంటి మేడమ్" అని అడగడానికి మన చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

మీరు జీతంలో పన్ను కట్టేవాళ్లయితే ఒక చిన్న సంగతి. పాత పన్ను పద్ధతిలో ఐటీ రిటర్న్ వేసేవాళ్లకు, ఇన్సూరెన్స్ లేని 60 దాటిన తల్లిదండ్రుల వైద్య ఖర్చు 50 వేల దాకా మినహాయింపులో చూపించే వీలుంది. నగదు కట్టినది లెక్కకు రాదు, యూపీఐ లేదా కార్డు వాడండి. షాపులో చాలామందికి ఇది చెప్పాను, నమ్మినవాళ్లు తక్కువ.

స్టెంట్ పడ్డాక నెలల తరబడి మాత్రలు వాడాలి. జనరిక్ మందులమ్మే జన ఔషధి షాపులో అదే మందు చాలా తక్కువకు వస్తుంది, డాక్టర్‌కు చెప్పి మార్చుకోండి. బీపీ, షుగర్ చూపించుకోవడానికి మీ దగ్గరి బస్తీ దవాఖానా చాలు.

రేపు పొద్దున ముందుగా ఆ యాంజియో సీడీ, రిపోర్టు అడిగి తీసుకోండి. దానికి డబ్బు కట్టారు, అది మీది. అది చేతిలో ఉంటే ఇంకో చోట మళ్లీ యాంజియో చేయించుకోవాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది. తర్వాత కార్డు ఏ జిల్లాదో, నాన్నగారి పేరు ఉందో లేదో ఇక్కడ రాయండి. నేను రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను, షాపు మూసేదాకా ఫోన్ పట్టుకోనివ్వరు.