ముందు ఆ ట్రంకు పెట్టె తెరిపించండి

ఆటోనగర్ షెడ్డులో పదేళ్లు పనిచేసిన మీ మామయ్యను మూడు నెలల కిందట మానిపించారు. వయసు 55, చదువు రెండో తరగతితో ఆగింది, సంతకం ఒక్కటే వచ్చు. నిరుద్యోగ భృతి ఏదో ఉందట, నెట్ సెంటర్ అబ్బాయి మూడు వేలిస్తే పీఎఫ్‌తో సహా మొత్తం తీయిస్తానంటున్నాడు, ఇచ్చేయమంటారా అని అడిగారు.

ఇవ్వకండి. కనీసం ఇది చదివేదాకా ఆగండి. మాది గుంటూరు. ఇదే పని పోయిన ఏడాది మా బాబాయికి చేసిపెట్టాను. చేసిపెట్టానంటున్నా గానీ సగం చెడగొట్టింది కూడా నేనే, అదీ చెబుతాను.

బాబాయి స్పిన్నింగ్ మిల్లులో రింగ్ ఫ్రేముల మీద చేసేవాడు. 56 ఏళ్లొచ్చాక ఒకరోజు ‘ఆర్డర్లు లేవు, రేపట్నుంచి రావద్దు’ అన్నారు. ఆయన వారం రోజులు ఇంట్లో చెప్పలేదు. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని పోయి మిర్చి యార్డు దగ్గర టీ కొట్లో కూర్చుని, షిఫ్టు దిగే టైముకు ఇంటికొచ్చేవాడు. పిన్ని బట్టలు నానబెడుతూ పట్టేసింది. చొక్కాకు దూది లేదు మరి.

మన దగ్గర నిరుద్యోగ భృతి అనగానే అందరికీ యువనేస్తం గుర్తుకొస్తుంది. అది 2018లో చదువుకున్న పిల్లల కోసం పెట్టింది, నెలకు వెయ్యి, వయసు 22 నుంచి 35. మీ మామయ్యకు దాంతో పనిలేదు. ఆయన అడగాల్సింది ఈఎస్ఐని. మనవాళ్లకు ఈఎస్ఐ అంటే గుణదల ఆసుపత్రి, మందుల చీటీ, అంతవరకే తెలుసు. అదే ఈఎస్ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అని ఒకటి 2018 జులై నుంచి ఉంది. పని పోయినవాళ్లకు రోజు కూలి సరాసరిలో సగం చొప్పున, ఎక్కువలో ఎక్కువ 90 రోజులకు ఇస్తారు. మొదట్లో పావు వంతే ఇచ్చేవాళ్లు, కరోనా ఏడాదిలో సగానికి పెంచారు. జీవితంలో ఒక్కసారే దొరుకుతుంది. పని పోయి 30 రోజులు దాటితే అడగొచ్చు. రెండేళ్లకు పైగా ఈఎస్ఐ కడుతూ వచ్చినవాళ్లకు ఇబ్బంది లేదు గానీ, ఆఖరి ఆరు నెలల గడువులో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. ఆ గడువులు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. పథకాన్ని ఎప్పటికప్పుడు పొడిగించుకుంటూ వస్తున్నారు కాబట్టి బ్రాంచి ఆఫీసులో మొదటి ప్రశ్న అదే అడగండి. నెలకు 14 వేల జీతగాడికి ఉజ్జాయింపున లెక్కేస్తే మొత్తం 21 వేల దాకా వస్తుంది. ఆ భృతి అందే రోజుల్లో ఇంటిల్లిపాదికీ ఈఎస్ఐ వైద్యం కూడా సాగుతుంది. బీపీ బిళ్లలు వాడే మనిషికి ఇది చిన్న సంగతేం కాదు.

షెడ్డు వాళ్లు ఈఎస్ఐ కట్టారో లేదో తెలియదా? పాత జీతం చీటీ చూడండి. నూటికి ముప్పావలా కోత కనిపిస్తే అదే. లేకపోతే పది అంకెల ఈఎస్ఐ నంబరు దొరికినా చాలు.

ఇక ట్రంకు పెట్టె. మీ మామయ్యది కూడా ఉండే ఉంటుంది, మంచం కిందో అటక మీదో. ‘కాగితాలు ఏమున్నాయి’ అని అడిగితే ‘ఏమీ లేవమ్మా’ అంటారు. ఉండవని కాదు, ఏది పనికొచ్చే కాగితమో చెప్పలేక. మా బాబాయీ అంతే అన్నాడు. పెట్టె తెరిస్తే పాలిథిన్ కవర్లో రేషన్ కార్డు, పిన్ని వాళ్ల పెళ్లి ఫోటో, ఎప్పుడో చెడిపోయిన వాచీ, వాటి కింద నాలుగు మడతలు పెట్టిన పీఎఫ్ స్లిప్పు. మడతల దగ్గర చిరిగిపోయింది గానీ నంబరు కనబడుతోంది. అది ఆఖర్న చేసిన మిల్లుది కాదు, అంతకుముందు దానిది.

‘ఎప్పుడు చేశావు బాబాయ్ అక్కడ?’ అంటే, ‘మొన్నటి పుష్కరాలు కాదూ, దాని ముందు పుష్కరాలు. అవి అయిపోయాక దసరాకి చేరా’ అన్నాడు. కృష్ణా పుష్కరాలు 2016లో, దానికి ముందు 2004లో వచ్చాయి. అంటే 2004 అక్టోబరు. ఆయన చేతిలో కాగితం లేదు, కేలండర్ లేదు. తర్వాత పీఎఫ్ ఆఫీసు రికార్డుతో పోల్చుకుంటే నెల కూడా తప్పలేదు. 2012లో ఆ మిల్లు మానేసి, నాలుగేళ్లు యార్డులో బస్తాలు మోసి, 2016 పుష్కరాలు అయ్యాక రెండో మిల్లులో చేరాడు.

మీ నెట్ సెంటర్ అబ్బాయిని ఆపమన్నది ఇందుకే. మాకూ ఒకడు తగిలాడు. ‘రెండో మిల్లులో ఎనిమిదేళ్లే, పదేళ్లు నిండలేదు, పెన్షన్ రాదు, ఫారం 10సీ పెట్టి ఆ పెన్షన్ డబ్బు కూడా లాగేద్దాం’ అన్నాడు. పైకి వాడి లెక్క సరిగానే ఉంది. యూఏఎన్ అని, ఎన్నిచోట్ల చేసినా మనిషికొకటే ఉండే పీఎఫ్ నంబరు, అది వచ్చిందే 2014లో. అంతకుముందు చేసిన ఉద్యోగం దాంట్లో కనబడదు, మనం వెతికి కలిపించుకోవాలి. మొదటి మిల్లు ఎనిమిదేళ్లు, రెండోది ఎనిమిదేళ్లు, కలిపితే 16. పదేళ్లు దాటితే 58 నిండాక బతికున్నన్నాళ్లూ పెన్షన్. జీతం సరాసరి 10,500 అనుకుంటే దాన్ని 16తో గుణించి 70తో భాగించాలి, నెలకు 2,400. ఆ అబ్బాయి లాగేద్దామన్న డబ్బు ఇదే. వాడిది మోసం అనను, వాడికి స్క్రీన్ మీద కనబడింది అంతవరకే. కానీ ఒకసారి తీసేసుకున్న సర్వీసు మళ్లీ లెక్కలోకి రాదు.

58 కంటే ముందే, 50 దాటితే కూడా పెన్షన్ తీసుకోవచ్చు, ఏడాదికి 4 శాతం చొప్పున కోసేస్తారు. ఇల్లు మరీ గడవకపోతే తప్ప వద్దంటాను. పీఎఫ్ నిల్వ సంగతి వేరు. పని పోయినప్పుడు ఎంత తీయొచ్చు, ఎన్నాళ్లకు తీయొచ్చు అన్న నిబంధనల్లో మార్పులు జరుగుతున్నాయి, కాబట్టి యూట్యూబ్‌లో పాత వీడియో చూసి వెళ్లకండి. ప్రతి నెలా 27న పీఎఫ్ వాళ్లు జిల్లాలో ఒకచోట కూర్చుని ఫిర్యాదులు వింటారు, మా పాత నంబరు కలపడం అక్కడే కదిలింది.

ఇంకో తికమక. అసంఘటిత కార్మికులకు ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు మీద కూడా యూఏఎన్ అనే ఉంటుంది, అదీ 12 అంకెలే. పీఎఫ్‌కూ దానికీ సంబంధం లేదు. బాబాయి ఆ కార్డును లామినేషన్ చేయించి మరీ దాచాడు, పీఎఫ్ కార్డనుకుని!

ఈఎస్ఐలో మాకు దెబ్బ తగిలింది. క్లెయిము ఆన్‌లైన్‌లో పెట్టి, ప్రింటు, ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకుని బ్రాంచి ఆఫీసుకు వెళ్తే కౌంటర్లో ఆయన కంప్యూటర్ చూసి ‘ఈయన రిటైరయ్యాడుగా’ అన్నాడు. మేం ముఖాలు చూసుకున్నాం. సంగతేమిటంటే, మనిషి పని మానేసిన నెలలో యాజమాన్యం చందా వివరాలు నింపేటప్పుడు కారణం కూడా ఎంచుకోవాలి. మానేశాడు, రిటైరయ్యాడు, పని లేదు, రిట్రెంచ్‌మెంట్ (అంటే యాజమాన్యమే మనిషిని తగ్గించుకోవడం), ఇలా ఒక వరస ఉంటుంది. మిల్లు గుమాస్తా తెల్ల జుట్టు చూసి రిటైర్డ్ అని నొక్కేశాడు. వయసైపోయి రిటైరైనా, స్వచ్ఛందంగా విరమించుకున్నా, తప్పు చేసి తీసేయించుకున్నా ఈ భృతి రాదు. ఒక్క నొక్కుడుకు 20 వేలు పోయేవి. మూడుసార్లు మిల్లు చుట్టూ తిరిగి, పొరపాటు జరిగిందని లెటర్‌హెడ్ మీద రాయించుకొచ్చాక ఫైలు కదిలింది. మీరు క్లెయిము పెట్టకముందే ఆ కారణం ఏం పడిందో కనుక్కోండి.

షెడ్డు వాళ్లు ‘సెటిల్‌మెంట్ కాగితం, ఒక సంతకం పెట్టు’ అని పిలిస్తే మామయ్యను ఒంటరిగా పంపొద్దు. చదవడం రాని మనిషి ఎదురుగా కాగితం పెడితే ఇదేంటని అడగడు, అడిగితే చదువు రాదని బయటపడుతుందని. గబగబా సంతకం పెట్టేస్తాడు. బాబాయి అయితే ఇంకో అడుగు ముందుకేసి, కళ్లజోడు తీసి కాసేపు చదివినట్టు నటించేవాడు కూడా. అందులో రాజీనామా ఉంటే పైన చెప్పినదంతా వృథా. అన్నట్టు, స్టాంపు పేపరు మీద అఫిడవిట్ కావాలని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి, అది 2020లోనే తీసేశారు.

నేను చెడగొట్టిన సంగతి. మొదటి రాత్రి ఆయన ఫోన్ లాక్కుని అన్నీ నేనే చేసుకుపోయాను. ‘ఓటీపీ వస్తే నంబరు చెప్పు బాబాయ్’ అన్నాను, చెప్పాడు. మర్నాడు నేను స్కూల్లో ఉండగా ఎవడో ఫోన్ చేసి ‘పీఎఫ్ ఆఫీసు నుంచి, ఓటీపీ చెప్పండి’ అన్నాడట. చెప్పేశాడు. ఖాతాలో 600 ఉంటే 600 పోయాయి. సాయంత్రం నేను కేకలేశాను. ఆయన నెమ్మదిగా ‘రాత్రి నువ్వే కదా అమ్మాయ్, అడిగితే చెప్పమన్నావు’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి కట్టుబాటు ఒకటే: నంబరు నోటితో పలకకూడదు. నేను పక్కన కూర్చుంటే ఫోను నాకు చూపిస్తాడు, లేకపోతే లేదు. ఎవరికి చెప్పొచ్చు, ఎవరికి చెప్పకూడదు అనేకంటే ఇది గుర్తుంటుంది.

అక్షరాలు రాకపోయినా బాబాయికి అంకెలొచ్చు, నూలు కౌంటు చూసి చూసి. అందుకని పీఎఫ్ మిస్డ్ కాల్ నేర్పాను. యూఏఎన్‌కు జతచేసిన ఫోన్ నుంచి 9966044425కు కొడితే నిల్వ మెసేజీగా వస్తుంది. నెలకోసారి తనే కొట్టి చూసుకుంటున్నాడు. కాగితాలకు రెండు కవర్లు కొన్నాం. పేర్లు రాయబోతే వద్దని, ఈఎస్ఐ కవరు మీద మాత్ర బొమ్మ, పీఎఫ్ కవరు మీద బాబిన్ బొమ్మ తనే వేసుకున్నాడు. తర్వాతిసారి ఆఫీసులో నేను సంచీ వెతుక్కుంటుంటే ఆయనే బాబిన్ కవరు తీసి కౌంటర్ మీద పెట్టాడు.

పేర్ల తేడాలు కూడా ముందే చూసుకోండి. ఇంటిపేరు ముందుందా వెనకుందా, రావు కలిపి రాశారా విడిగా రాశారా, ఆధార్‌లో, పీఎఫ్‌లో, బ్యాంకులో ఒకేలా ఉండాలి. పుట్టినరోజు కూడా అంతే. మా వీధిలో 50 దాటిన సగం మంది ఆధార్ ప్రకారం జనవరి 1నే పుట్టారు, ఆ తేదీ ఒక్కటైనా అన్నిచోట్లా ఒకటే ఉండాలి.

గ్రాట్యుటీ గురించి మీరు అడగలేదు గానీ పదేళ్లు చేశారు కదా, ఐదేళ్లు నిండితే వస్తుంది. ఆఖరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి 15తో గుణించి, ఎన్నేళ్లయితే అన్నిసార్లు. 10,500కి ఎనిమిదేళ్లంటే 48 వేల పైచిలుకు. షెడ్డులో పదిమంది ఉంటే చాలు, ఇవ్వాల్సిందే. కాదంటే లేబర్ ఆఫీసు ఉంది. కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థలో కార్మికులకు వకీలును ఉచితంగా పెడతారు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

మాకు ఈఎస్ఐ డబ్బు రెండు విడతలుగా పడింది. ఆ మధ్యలోనే బాబాయి ఒక కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌గా కుదిరాడు, పిన్ని మళ్లీ క్యారేజీ కడుతోంది.

మీరు ఒక్క ముక్క చెప్పండి. మామయ్య ఈ షెడ్డుకు ముందు ఎక్కడైనా పీఎఫ్ కోసే చోట చేశారా? 2014కు ముందు చేసి ఉంటే దారి వేరుగా ఉంటుంది, అప్పుడు వివరంగా రాస్తాను. నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి.