కాయిన్స్ ఆగిన చోట ఆయిలర్

ప్రశ్న: మావాడు ఇంటర్ ఎంపీసీ. ఫోన్‌లో ఏదో గేమ్ ఆడుతుంటే కాయిన్స్ 2147483647 దగ్గర ఆగిపోయాయి, ఎంత ఆడినా ఒక్కటి కూడా పెరగట్లేదు. అది ప్రైమ్ నంబర్ అంటున్నాడు, నీకెలా తెలుసురా అంటే 2 పవర్ 31 మైనస్ 1 కదమ్మా, 31 ప్రైమ్ కాబట్టి ఇదీ ప్రైమే అంటాడు. నిజమేనాండీ? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ప్రైమ్ అన్నమాట నిజమేనమ్మా, కానీ చెప్పిన కారణం తప్పు. 11 కూడా ప్రైమే కదా, 2 పవర్ 11 మైనస్ 1 అంటే 2047, అది 23 ఇంటూ 89. అంటే పైన ప్రైమ్ ఉన్నంత మాత్రాన సరిపోదు, విడిగా చూసుకోవాల్సిందే. కాయిన్స్ ఎందుకు ఆగాయంటే ఆ లెక్కకి 32 బిట్లు (0 గానీ 1 గానీ పట్టే గళ్ళు) ఇచ్చుంటారు, ఒకటి ప్లస్సా మైనస్సా అనేదానికి పోతే మిగిలిన 31లోనూ 1 పడ్డాక ఇంక చోటు లేదు.

ఇది ప్రైమ్ అని కంప్యూటర్ లేని రోజుల్లో, 1772లోనే గణిత శాస్త్రవేత్త ఆయిలర్ తేల్చేశాడు, అప్పటికి ఆయనకి చూపు దాదాపు పోయింది! నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తల్చుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది. మామూలుగా అయితే దీని వర్గమూలం 46,340 దాకా ఉన్న ప్రైమ్స్ అన్నింటితో, అంటే 4,700 పైచిలుకు సార్లు భాగించి చూడాలి. ఆయన ఏం గమనించాడంటే ఈ సంఖ్యని ఏ ప్రైమ్ అయినా భాగించాలంటే ఆ ప్రైమ్‌ని 62తో భాగిస్తే 1 మిగలాలి (31కి రెట్టింపు 62, పైన 23నీ 89నీ 11కి రెట్టింపైన 22తో భాగించి చూడండి, అక్కడా 1 మిగుల్తుంది), ఇంకా 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. రెండూ కలిపితే 248తో భాగించినప్పుడు 1 లేదా 63 మిగిలేవే పనికొస్తాయి, అలాంటివి 46,340 లోపు నాలుగొందలు కూడా ఉండవు, అందులోనూ ప్రైమ్స్‌తోనే చూస్తే చాలు. 63 ప్రైమ్ కాదు, 249 అంటే 3 ఇంటూ 83, అదీ ప్రైమ్ కాదు, కాబట్టి మొట్టమొదట చూడాల్సింది ఏకంగా 311. దాంతో భాగిస్తే 69,05,092 వచ్చి శేషం 35, అంటే పోలేదు. తర్వాత మళ్ళీ 1303 దాకా ఏదీ లేదు. ఇలా చివరిదాకా వెళ్ళినా ఒక్కదానితో కూడా నిశ్శేషంగా పోలేదు.

2 పవర్ ఏదో ఒక సంఖ్య మైనస్ 1 రూపంలో ఉండే ప్రైమ్స్‌ని మెర్సెన్ ప్రైమ్స్ అంటారు, మీవాడి నంబర్ ఆ వరసలో ఎనిమిదోది. 2024 అక్టోబర్‌లో దొరికినదాంట్లో పవర్ 13,62,79,841, ఆ ప్రైమ్‌ని పూర్తిగా రాస్తే 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు వస్తాయి!

మీవాడికి ఒక పని చెప్పండి. 1303తో భాగహారం కాగితం మీద చేతితో చెయ్యమనండి, శేషం ఎంతొచ్చిందో మాకు రాయమనండి.