స్టెంట్ ఏ రకమన్నది కాదు, మాత్రలు ఎందుకు ఆపారు?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు, షుగర్ ఉంది. నాలుగు నెలల క్రితం గుండెపోటు వస్తే జొటారోలిమస్ మందు పూత ఉన్న స్టెంట్ వేశారు. ఆయన స్నేహితుడికి ఎవెరోలిమస్ స్టెంట్ వేశారట, అదే మంచిదని అంటున్నారు. నిజమేనా? మార్పించుకోవచ్చా? పన్ను తీయించుకోవాలని మూడు రోజులుగా రక్తం పలుచబడే మాత్రలు ఆపారు. ఇప్పుడైతే ఏ ఇబ్బందీ లేదు.

జవాబు: మీరు చివర్లో మామూలుగా రాసేసిన మాటే నాకు టెన్షన్ పెట్టింది. మాత్రలు ఆపమని గుండె డాక్టర్ చెప్పారా, మీరే ఆపేశారా? మీరే ఆపి ఉంటే ఇది చదవగానే స్టెంట్ వేసిన డాక్టర్‌కి ఫోన్ చేయండి. రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఏ మాత్ర, ఎంత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలో ఆయనే చెప్పాలి. ఈలోగా ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం కనిపిస్తే ఫోన్లతో కాలయాపన చేయకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

స్టెంట్ మీది మందు రక్తనాళం మళ్లీ పూడుకుపోకుండా కాపాడుతుంది. అదే మందు వల్ల స్టెంట్ లోహపు తీగల మీద నాళపు లోపలి పొర ఏర్పడటం ఆలస్యమవుతుంది. ఆ పొర పూర్తిగా కప్పేవరకు తీగల మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. గడ్డ కడితే నాళం ఉన్నట్టుండి మూసుకుపోతుంది, మళ్లీ గుండెపోటే. షుగర్ ఉన్నవాళ్లలో ఈ ముప్పు ఇంకాస్త ఎక్కువ. అందుకే గుండెపోటు తర్వాత ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్ లాంటి మరో మాత్రను సాధారణంగా 12 నెలలు వాడిస్తాం. రక్తస్రావం ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ముందే తగ్గిస్తాం, కానీ అది డాక్టర్ లెక్క చూసి తీసుకునే నిర్ణయం. ఇబ్బంది లేదు కదా అని ఇంట్లో తీసుకునేది కాదు.

ఒక పన్ను తీయడానికి చాలామందిలో ఈ మాత్రలు ఆపక్కర్లేదు. గాజుగుడ్డ అదిమిపెట్టి, అవసరమైతే కుట్టు వేసి డెంటిస్టులు రక్తం ఆపగలరు. తొందర లేని పనైతే వాయిదా వేయవచ్చు. ఇద్దరు డాక్టర్లనీ ఒకరితో ఒకరు మాట్లాడుకోనివ్వండి. పంటి నొప్పికని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా కొని వేయకండి, రక్తస్రావం పెరుగుతుంది. పైగా ఐబుప్రొఫెన్ ఆస్పిరిన్ పనిని దెబ్బతీయగలదు.

ఇక మీరు అడిగింది. ఆ రెండు స్టెంట్లనూ రోజూ ఆస్పత్రికి వచ్చే అన్ని రకాల రోగుల్లోనూ పోల్చి చూశారు. 2010లో వెలువడిన రిజల్యూట్ ఆల్ కమర్స్ అధ్యయనంలో 2,292 మంది ఉన్నారు. ఏడాదిలో స్టెంట్ వేసిన నాళం వల్ల మరణం, గుండెపోటు, మళ్లీ నాళం తెరిచే ప్రొసీజర్ లాంటివి ఒక రకంలో 8.2 శాతం, రెండోదాంట్లో 8.3 శాతం. అంటే తేడా లేనట్టే. మందు పూత లేని పాత స్టెంట్లతో పోలిస్తే మాత్రం కొంత తేడా ఉంది. నార్వేలో 9,013 మందిపై జరిగిన నోర్‌స్టెంట్ అధ్యయనంలో ఆరేళ్లలో మళ్లీ ప్రొసీజర్ అవసరమైనవారు మందు స్టెంట్లలో 16.5 శాతం, పాతవాటిలో 19.8 శాతం. మరణం, గుండెపోటు కలిపి చూస్తే అక్కడా పెద్ద తేడా రాలేదు.

స్టెంట్ నాళపు గోడలో కలిసిపోతుంది, తీసి మార్చేది కాదు. నాన్నగారికి వేసినది మంచిదే. ఆయన మూడు నెలల షుగర్ సగటు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎంతో మీరు రాయలేదు. ఆ రిపోర్టులు చూడకుండా ఇంతకు మించి చెప్పడం సరికాదు. ఫోన్ చేసినప్పుడు వాటి గురించి కూడా అడగండి, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వాడుతున్నారో లేదో చూడండి.