బీ450 బోర్డులో రైజెన్ 7600 కూర్చోదు

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ, డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నా. మా బావ తన పాత కంప్యూటర్ నాకిచ్చాడు. అందులో రైజెన్ 3 3200జీ ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకటి, క్యాబినెట్‌తో పాటే వచ్చిన 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పార్టులకు కరెంటు ఇచ్చే డబ్బా) ఉన్నాయి. దీనికి రైజెన్ 5 7600, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు కొని పెడదామనుకుంటున్నా. ఒక షాపాయన పర్లేదు అన్నాడు, ఇంకొకాయన మొత్తం మార్చాలన్నాడు. పైసలు ఒక్కసారే పెట్టగలను, టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 7600 ఆర్డర్ పెట్టి ఉంటే ఇప్పుడే క్యాన్సిల్ చెయ్. సాకెట్ అంటే బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు. 7600 ఏఎం5 సాకెట్ ప్రాసెసర్, నీ బోర్డు ఏఎం4. పాత సాకెట్‌కు వచ్చే ప్రాసెసర్‌లకు అడుగున సన్నటి పిన్నులుంటాయి, 7600 అడుగు చదునుగా ఉంటుంది, పిన్నులు బోర్డులోనే ఉంటాయి, కాబట్టి ఎంత సర్దినా కూర్చోదు. పైగా ఏఎం5 బోర్డుల్లో డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది. అంటే 7600 కావాలంటే బోర్డు, ర్యామ్ రెండూ కొత్తవి కొనాలి. ఈ మధ్య ర్యామ్ ధరలు ఎట్ల పెరిగాయో నువ్వు చూసే ఉంటావు.

అట్లని మొత్తం మార్చాల్సిన పని కూడా లేదు. నేనైతే ఆ బోర్డు ఉంచుకొని రైజెన్ 5 5600 తీసుకొమ్మంటాను. ఆరు కోర్లు, 65 వాట్లు, 4060కి సరైన జోడీ. కాకపోతే బీ450 వచ్చింది 2018లో, 5600 వచ్చింది 2022లో, అందుకని బోర్డు బయోస్ (బోర్డును నడిపించే సాఫ్ట్‌వేర్) పాతదైతే కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. పాత 3200జీ ఇంకా బోర్డులో ఉండగానే తయారీదారు సైట్‌లో నీ బోర్డు మోడల్ పేరు వెతికి, సపోర్ట్ లిస్టులో 5600 ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ రాశారో చూసి, పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసుకో, ఆ తర్వాతే ప్రాసెసర్ తియ్యి. అప్‌డేట్ జరుగుతుంటే కరెంటు పోతే బోర్డు పాడైపోవచ్చు. యూపీఎస్ లేకపోతే ఉన్న స్నేహితుడింటికి పట్టుకెళ్లు, ఇందులో తొందరపడకు.

ఇంకో సంగతి, 3200జీ లోపలే గ్రాఫిక్స్ ఉంది కాబట్టి ఇప్పటిదాకా మానిటర్ కేబుల్ బోర్డుకే పెట్టి ఉంటావు. 5600లో ఆ గ్రాఫిక్స్ ఉండదు. కేబుల్ కార్డుకే పెట్టాలి, లేదంటే ఏమీ కనబడదు, బోర్డు పోయిందేమోనని భయపడతావు.

ర్యామ్ ఒక్కటే 8 జీబీ అయితే ఇంకొక 8 జీబీ తీసుకో, వీలైతే అదే వేగంది. బోర్డులో నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ పక్క నుంచి లెక్కపెట్టి రెండో దాంట్లో, నాలుగో దాంట్లో పెట్టు, అప్పుడే డ్యూయల్ ఛానల్ (రెండు ర్యామ్‌లు జంటగా నడవడం) పనిచేస్తుంది. ఆటల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్యకపోతే 3200 వేగం అని రాసి ఉన్న ర్యామ్ కూడా తక్కువ వేగంతోనే నడుస్తుంది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

4060 నీ బోర్డులో పనిచేస్తుంది. పీసీఐఈ అంటే కార్డుకు, బోర్డుకు మధ్య డేటా నడిచే దారి. ఆ కార్డు పీసీఐఈ 4.0 కోసం చేసింది, ఆ దారిలో ఎనిమిది లేన్లే (వరుసలే) వాడుతుంది, నీ బోర్డు అంతకన్నా నెమ్మదైన 3.0. ఎక్కువ ఆటల్లో నష్టం కొంచెమే, కానీ టెక్స్చర్లు అల్ట్రాలో పెట్టి 8 జీబీ వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) నిండిపోతే అప్పుడు ఆట ఆగి ఆగి నడుస్తుంది. సెట్టింగ్ ఒక మెట్టు దించితే చాలు.

ఇక ఎస్‌ఎంపీఎస్. నీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది ఇదే. లెక్క ప్రకారం కార్డుకు 115 వాట్లు, ప్రాసెసర్‌కు 65, మిగతావన్నీ కలిపినా 300 దాటదు, మరి 500 ఎందుకు సరిపోదు అనుకుంటావు. క్యాబినెట్‌తో ఊరికే వచ్చే డబ్బాల మీద రాసిన అంకెను నమ్మొద్దు. దాని పక్కన అతికించిన స్టిక్కర్ చదువు, 12 వోల్ట్ల లైన్ ఎదురుగా ఎన్ని యాంప్స్ అని ఉందో చూసి 12తో గుణించు. 20 యాంప్స్ అని ఉంటే అసలు ఇచ్చేది 240 వాట్లే. మంచి 550 వాట్ల దాంట్లో అది 45 యాంప్స్ దగ్గర ఉంటుంది. ఇంకా చూడాల్సింది, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే 8 పిన్నుల కేబుల్ దానికే ఉందా లేదా అని. లేకపోతే పాత మోలెక్స్ (నాలుగు పిన్నుల) వైర్లకు కన్వర్టర్ తగిలించి నడిపిద్దాం అంటారు, ఒప్పుకోకు, ఆ వైర్లు వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల కేబుల్ చూడ్డానికి దాదాపు ఇట్లనే ఉంటుంది కానీ వైరింగ్ వేరు, దాన్ని కార్డుకు గుచ్చే ప్రయత్నం అసలే చెయ్యకు. 4060 వెర్షన్ ఒక మెట్టు తగ్గించుకున్నా సరే, ఎస్‌ఎంపీఎస్ మాత్రం పేరున్న కంపెనీది, వారంటీ ఉన్నది కొను. హన్మకొండలో దొరక్కపోతే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు ఒకసారి పోయి రా, నాలుగు షాపులు తిరిగితే రేటు కూడా తెలుస్తుంది.

క్యాబినెట్ ముందు భాగం అద్దంతో మూసి ఉందా, జాలీ ఉందా? మే నెలలో మన వరంగల్‌లో 43, 44 డిగ్రీలు మామూలే. గది వేడి ఎంత పెరిగితే కార్డు వేడి అంత పెరుగుతుంది. జాలీ ఉన్నది, ముందు రెండు ఫ్యాన్లు పట్టేది అయితే మంచిది. కొనే ముందు కార్డు పొడవు మిల్లీమీటర్లలో చూసి, లోపల టేపుతో కొలుచుకో. ఆన్‌లో ఉండగా క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? అయితే ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదు, పార్టులు తెచ్చేలోపే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించు.

ప్రశ్న: మాది కరీంనగర్. మా బాబు ఇంటర్ రెండో సంవత్సరం, గేమింగ్ కంప్యూటర్ కావాలంటున్నాడు. ఆన్‌లైన్‌లో “ఐ7, 16 జీబీ, 2 జీబీ గ్రాఫిక్స్” అని చాలా తక్కువ ధరకు కనిపించింది. కొనవచ్చా?

జవాబు: అక్కా, వద్దు. ఐ7 అని రాశారు గానీ ఎన్నో జనరేషనో రాయలేదు చూడండి. అంత చవకగా వచ్చేది చాలాసార్లు ఐ7 3770 అయి ఉంటుంది, అది 2012 నాటిది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే మైక్రోసాఫ్ట్ అనుమతి ఉంది, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్‌తో ఆగిపోయింది. ఆ 2 జీబీ కార్డుతో కొత్త ఆటలు నడవవు, బాబు నెల తిరక్కుండానే ఇంకోటి అడుగుతాడు. అదే డబ్బుకు ఇంకొంత కలపగలిగితే రైజెన్ 5 5600జీ లాంటిది, లోపలే గ్రాఫిక్స్ ఉన్నది తీసుకోండి, చదువుకు, చిన్న ఆటలకు ఇప్పుడు సరిపోతుంది, పరీక్షలయ్యాక గ్రాఫిక్స్ కార్డు విడిగా పెట్టుకోవచ్చు. ఆ రోజు కష్టం రాకుండా ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఇప్పుడే 550 వాట్లది వేయించండి. బిల్లు మీద ప్రతి పార్టు మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాయించుకోండి, రాయనంటే వేరే షాపుకు వెళ్లండి.