అప్పు తీర్చలేకపోతే జైలేనా?

ప్రశ్న: మా ఆయన టిఫిన్ సెంటర్ పెట్టడానికి 2024 ఆగస్టులో తెలిసిన ఒకాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తీసుకున్నారు. ప్రోనోటు రాసి, సంతకం చేసిన ఖాళీ చెక్కు కూడా ఇచ్చారు. వడ్డీ కాక అసలు కింద 70 వేలు ఫోన్‌పేలో కట్టాం. తర్వాత సెంటర్ మూతపడింది. ఆయన ‘420 కేసు పెట్టి జైల్లో వేయిస్తా’నంటున్నాడు. స్టేషన్ నుంచి ఒకసారి ఫోన్ కూడా వచ్చింది. నన్ను కూడా ఇరికిస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ధైర్యంగా ఉండండమ్మా. అప్పు తీసుకుని తీర్చలేకపోవడం ఒక్కటే నేరం కాదు, అది సివిల్ తగాదా. మోసం అనాలంటే డబ్బు తీసుకున్న రోజునే ఎగ్గొట్టే ఉద్దేశం ఉండాలని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. నిజంగానే సెంటర్ పెట్టి, వడ్డీ కట్టి, అసలు కూడా కొంత తీర్చిన మనిషి మీద ఆ ఉద్దేశాన్ని రుజువు చేయడం చాలా కష్టం. దొంగ పత్రాలు చూపించి తీసుకుని ఉంటే వేరే సంగతి. (జనం ఇంకా 420 అంటున్నారు గానీ, 2024 జులై 1 నుంచి జరిగిన మోసాలకు భారతీయ న్యాయ సంహితలోని 318 వర్తిస్తుంది.)

బాకీలు వసూలు చేయడం పోలీసుల పని కాదు. పిలిస్తే మీ ఆయన లాయర్‌ని తోడు తీసుకుని వెళ్లి, కట్టిన డబ్బుకు ఆధారాలు చూపించాలి. ఫలానా తేదీకి మొత్తం కడతానని రాసిమ్మని ఒత్తిడి చేస్తే మాత్రం సంతకం పెట్టొద్దు.

నాకు భయమల్లా ఆ ఖాళీ చెక్కు గురించే. అది బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ (చెక్కులు, ప్రోనోట్ల చట్టం) 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు అవుతుంది, రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. ‘ఖాళీగా ఇచ్చాం, ఆయనే నింపుకున్నాడు’ అన్నంత మాత్రాన తప్పించుకోలేరు, 2019లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. అయితే మీకు పనికొచ్చేది 2022 తీర్పు: కొంత తీర్చాక కూడా ఆ సంగతి చెక్కు మీద రాయకుండా మొత్తం సొమ్ముకు చెక్కు వేస్తే 138 కేసు నిలవదు. అందుకే ఆ 70 వేలు అసలు కింద కట్టారని తెలిసే ఫోన్‌పే రికార్డు, మెసేజీలు, బ్యాంకు స్టేట్‌మెంటు ఇప్పుడే తీసి పెట్టుకోండి. నోటీసు వస్తే తిప్పి పంపకండి, తీసుకోకపోయినా అందినట్టే లెక్కేస్తారు. డబ్బు కట్టడానికి అందిన రోజు నుంచి 15 రోజులే గడువు, ఆలోపే లాయర్‌తో జవాబు ఇప్పించాలి.

ప్రోనోటు మీద ఆయన సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చు, మామూలుగా మూడేళ్లలోపు వేయాలి. డబ్బు కట్టాలని కోర్టు తీర్పు (డిక్రీ) వచ్చినా, కట్టే స్తోమత లేని మనిషిని ఊరికే జైల్లో పెట్టకూడదని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. స్తోమత ఉండి కావాలని ఎగ్గొడితేనే సివిల్ జైలు, అదీ మూడు నెలలకు మించదు.

మీ విషయానికొస్తే, ప్రోనోటు మీద గానీ చెక్కు మీద గానీ మీ సంతకం లేకపోతే ఆ అప్పుకు మీకు బాధ్యత లేదు. పైగా డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లను అరెస్టు చేయడానికి చట్టం ఒప్పుకోదు.

మీ ఆయన పేరున ఇల్లో స్థలమో ఉంటే మీ పేరుకు మార్చేయమని చుట్టాలు సలహా ఇస్తారు, దయచేసి వినకండి. అప్పులవాళ్లకు దక్కకుండా ఆస్తి మార్చడం నేరం, ఇప్పటిదాకా సివిల్‌గా ఉన్న తగాదాను మీ చేతులారా క్రిమినల్ చేసుకున్నట్టవుతుంది. దానికి బదులు నెలకు ఎంత కట్టగలరో రాతపూర్వకంగా చెప్పండి, కట్టిన ప్రతిసారీ రశీదు తీసుకోండి, బాకీ తీరిన రోజున ప్రోనోటుతో పాటు ఆ చెక్కు కూడా వెనక్కి తీసుకోండి.