సొంత పార్టీ బ్లాగరే ‘కోవర్టు’ అన్నాడు, కేసు నిలబడుతుందా?

ప్రశ్న: మాది గాజువాక. పన్నెండేళ్లుగా ఒక పార్టీలో వార్డు స్థాయిలో పనిచేస్తున్నాను. స్టీల్ ప్లాంట్ విషయంలో మా నాయకులు గట్టిగా మాట్లాడటం లేదని ఫేస్‌బుక్‌లో రాశాను. మా పార్టీ తరఫున రాసే ఒక బ్లాగర్ నన్ను ‘కోవర్టు’ అన్నాడు. అవతలి పార్టీ దగ్గర డబ్బు తీసుకుని రాశానని పోస్టు పెట్టి, నా ఫోన్ నంబరు ఇచ్చి ‘గట్టిగా అడగండి’ అన్నాడు. అప్పటి నుంచి బూతులు, బెదిరింపులు. నా ఫొటోను అసభ్యంగా మార్చి తిప్పుతున్నారు. వారం తిరక్కుండానే, సంజాయిషీ కూడా అడక్కుండా పార్టీ నన్ను పదవి నుంచి తీసేసింది. కేసు పెడితే నిలబడుతుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిలబడుతుందమ్మా. కాకపోతే అన్నింటినీ ఒకే ఫిర్యాదులో కలపకండి.

‘కోవర్టు’ అన్న మాట ఎంత గుచ్చుకున్నా, ఆ ఒక్క మాటకు పోలీసులు కేసు కట్టరు. ఒకప్పుడు ఐటీ చట్టంలో 66ఎ సెక్షన్ ఉండేది. ఎవరికి చిరాకు తెప్పించినా అరెస్టు చేయగలిగేవారు. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న దాన్ని కొట్టేసింది. మంచి పనే చేసింది. అది ఉండి ఉంటే మీ స్టీల్ ప్లాంట్ పోస్టు మీదే ముందు కేసు పడేదేమో.

డబ్బు తీసుకున్నారనడం వేరు. అది మీ మీద వేసిన నింద, భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 356 కింద పరువునష్టం. దీనికి పోలీసుల దగ్గరకు కాదు, మీరే మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేటు కంప్లయింట్ వేయాలి. గడువు మూడేళ్లు. నష్టపరిహారం కోసం సివిల్ దావా వేయాలనుకుంటే మాత్రం పోస్టు పెట్టిన రోజు నుంచి ఏడాదే.

అన్నిటికంటే ముందు ఫొటో సంగతి చూడండి. చూడలేక డిలీట్ చేయాలనిపిస్తుంది, చేయకండి. ఖాతా పేరు, లింకు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఆ ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. కోర్టులో ఇవి చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63 కింద సర్టిఫికెట్ కావాలి. మీ లాయరు రాయిస్తారు. ఆపైన నగర సైబర్ క్రైమ్ స్టేషన్‌లోగానీ దగ్గర్లోని స్టేషన్‌లోగానీ ఫిర్యాదు ఇవ్వండి. ‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే కేసు) అడగండి. అసభ్య చిత్రాలకు ఐటీ చట్టం 67, మహిళను అవమానించినందుకు న్యాయ సంహిత 79 వర్తిస్తాయి. చంపుతామనో, శీలం మీద నింద వేస్తామనో బెదిరిస్తే 351(3) కింద ఏడేళ్ల దాకా శిక్ష. దొంగ ఖాతాల వెనక ఎవరున్నారో ఆ కంపెనీల నుంచి పోలీసులే తెప్పించుకుంటారు, మీరు వెతకనక్కర్లేదు.

ఆ బ్లాగర్ ‘నేను బూతులు తిట్టలేదు కదా’ అంటాడు. ఇలాంటివాళ్లు చేసేదే అది. తిట్టేది వందమంది, దారి చూపేది ఒక్కడు. రేపు పార్టీలో ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో కూడా అతని పోస్టే తేలుస్తుంది. ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగిన మీలాంటి వాళ్లకు ఇలా జరగడం నాకు నిజంగా బాధగా ఉంది. చట్టంలో ప్రేరేపణ కూడా నేరమే. ఉత్త విమర్శ రాసి ఊరుకుంటే అతన్ని పట్టుకోలేం. నంబరు ఇచ్చి ‘గట్టిగా అడగండి’ అన్నాడు చూడండి, అది మీకు పెద్ద ఆధారం. ఆ పోస్టు తర్వాత ఎన్ని నిమిషాలకు మొదటి కాల్ వచ్చిందో కాల్ లిస్టుతో చూపించండి. షేర్ చేసినవాళ్లు ‘మేం రాయలేదు’ అన్నా చెల్లకపోవచ్చు. తమిళనాడు మాజీ ఎమ్మెల్యే ఒకరు ఫార్వర్డ్ చేసిన పోస్టు కేసులో 2023లో సుప్రీంకోర్టు ఆయన వాదనను ఒప్పుకోలేదు.

పదవి విషయంలో పెద్దగా ఆశ పెట్టలేను. పార్టీ ప్రభుత్వ సంస్థ కాదు కాబట్టి హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి లాభం ఉండదు. పార్టీ నియమావళి తెప్పించి చూడండి. తొలగించే ముందు నోటీసు ఇవ్వాలని అందులో ఉంటే, ముందు పార్టీ క్రమశిక్షణ కమిటీకి రాతపూర్వకంగా అప్పీలు పెట్టండి. ఆ తర్వాతే సివిల్ కోర్టు.

తిట్టినవాళ్లను తిరిగి తిట్టకండి, మీ ఇంట్లోవాళ్లను కూడా తిట్టనివ్వకండి. ఎదుటి లాయరు కోర్టులో ముందుగా చూపించేది అదే. మీ అసలు పోస్టును మాత్రం తీసేయొద్దు. మీరు చెప్పినట్టే ఉంటే అందులో తప్పేమీ లేదు, పైగా గొడవ ఎక్కడ మొదలైందో చూపే మొదటి సాక్ష్యం అదే.